రోజూ ఒకే వేళకు ఒకే కార్యక్రమం: మన దగ్గర నడిచింది, ఎన్‌బీసీలో ఎందుకు మునిగింది?

ప్రశ్న – విద్యానగర్ మేడమీది గది

నమస్కారం. ఉస్మానియాలో జర్నలిజం చదువుతున్నాను. టీవీ రంగంలో బెడిసికొట్టిన ఒక నిర్ణయాన్ని తీసుకుని తరగతిలో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నా వంతుకు అమెరికాలోని ఎన్‌బీసీ అనే టీవీ నెట్‌వర్క్ వచ్చింది.

చదివినంతవరకు కథ ఇదీ. 1990లలో అక్కడ గురువారం రాత్రి అంటే ఎన్‌బీసీయే. 2004 మే నెలలో దాని హాస్య సీరియళ్లు ‘ఫ్రెండ్స్’, ‘ఫ్రేజర్’ రెండూ ముగిశాయి. ఆ మరుసటి సీజన్‌కే, ప్రకటనదారులు ముఖ్యంగా లెక్కపెట్టే 18–49 ఏళ్ల ప్రేక్షకుల్లో ఆ నెట్‌వర్క్ మొదటి స్థానం నుంచి నాలుగో స్థానానికి పడింది. తర్వాత అయిదేళ్లు ఏం చేసినా లేవలేదు. చివరికి 2009 సెప్టెంబర్ 14 నుంచి సోమవారం మొదలు శుక్రవారం దాకా రాత్రి పది గంటలకు జే లెనో అనే హాస్య వ్యాఖ్యాతను కూర్చోబెట్టారు. అంతకుముందు ఆ గంటలో డ్రామాలు వచ్చేవి. 2010 ఫిబ్రవరి 9న ఎత్తేశారు. అయిదు నెలలు కూడా నిండలేదు.

నా అనుమానం ఏమిటంటే, మా నానమ్మ చూసే సీరియళ్లన్నీ సోమవారం నుంచి శనివారం దాకా అదే వేళకు వస్తాయి. ఖర్చూ తక్కువే. ఎన్‌బీసీ చేసింది కూడా అదే కదా? ఇక్కడ ఏళ్ల తరబడి నడిచే పద్ధతి అక్కడ అయిదు నెలల్లో ఎందుకు కూలింది? మా సార్‌ను అడిగితే ‘సంస్కృతి భేదం’ అని రాసుకొమ్మన్నారు. అది నాకు జవాబులా అనిపించలేదు. టీవీలో పనిచేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పగలరా?

జవాబు – పాత చార్టు

బాబూ, మీ సార్‌తో తగవు పెట్టుకోకండి. మార్కులు ఆయన చేతిలో ఉంటాయి. కానీ సంస్కృతి భేదం అనే మాట, జవాబు దొరకనప్పుడు గుంట మీద కప్పే గోనెపట్టా.

నేను ఈ ఊళ్లోనే ఒక తెలుగు వినోద ఛానల్ షెడ్యూలింగ్ విభాగంలో పదమూడేళ్లు పనిచేశాను. పేరు చెప్పను. ఇప్పటికీ దీపావళికి మిఠాయి డబ్బా పంపిస్తున్నారు, అది ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. మా పని ఎఫ్‌పీసీ వేయడం. ఏ నిమిషానికి ఏ కార్యక్రమం, విరామం ఎక్కడ, ఏ ప్రోమో ఏ సీరియల్ మధ్యలో పడాలి అన్నది గళ్లుగా రాసే చార్టు అది. మిగతా విభాగాలవాళ్లు మమ్మల్ని గుమస్తాల్లాగే చూసేవారు. కథ రాసేవాళ్లు వేరు, తీసేవాళ్లు వేరు, ప్రకటనలు అమ్మేవాళ్లు వేరు. గళ్లు నింపేవాళ్లు ఎవరికి కావాలి?

ముందు మీ పోలికలో సగం ఒప్పుకుంటాను. దూరదర్శన్ రోజుల్లో సీరియల్ అంటే వారానికొకసారి, పదమూడు వారాలు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చిన తర్వాత రోజువారీ అలవాటు మన ఇళ్లలో పాతుకుంది. రోజూ తీయడం వల్ల ఖర్చు బాగా దిగుతుంది. మా సీరియల్ ఒకదానికి మణికొండలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఉదయం ఆ హాల్లో పెళ్లిచూపులు తీసేవారు. మధ్యాహ్నం కర్టెన్లు మార్చి అదే హాల్లో వేరే ఇంటి తద్దినం. ఎన్‌బీసీ ఆశపడిందీ ఇలాంటి పొదుపుకే. అక్కడ పది గంటల డ్రామా ఒక్క ఎపిసోడ్‌కు 30 లక్షల డాలర్ల దాకా అయ్యేది. లెనో కార్యక్రమం వారం మొత్తం ఆ ఒక్క ఎపిసోడ్ ఖర్చులోపే తేలిపోతుందని అప్పట్లో రాశారు. పైగా డ్రామా ఏడాదికి 22 ఎపిసోడ్లు, మిగతా వారాలు పాతవి తిప్పాలి. లెనో అయితే 46 వారాలు కొత్తవి ఇస్తాడు. కాగితం మీద నాకే నోరూరుతోంది.

ఇక మీ ప్రశ్న. మన సీరియల్ ఇవాళ్టి అరగంటను అమ్ముకోదు, రేపటిని అమ్ముకుంటుంది. చెయ్యి పైకి లేస్తుంది, కెమెరా మూడుసార్లు ముఖం మీదికి దూకుతుంది, పేర్లు పడతాయి. దెబ్బ చెంప మీద పడిందో లేదో రేపు చూడాలి. మీ తరం దాన్ని చూసి నవ్వుతుంది. మాకు జీతాలు దాని మీదే వచ్చేవి. శనివారం దెబ్బ ఇంకా పెద్దది, ఎందుకంటే మధ్యలో ఆదివారం ఉంది. లెనో ఏం చేస్తాడు? వార్తల మీద చతురోక్తులు చెబుతాడు, ఒక నటుడితో ముచ్చటిస్తాడు, సెలవు తీసుకుంటాడు. నిన్నటిది చూడకపోతే నష్టం లేదు, రేపటిది చూడకపోయినా లేదు. అలాంటి కార్యక్రమం నిద్రకు ముందు, సగం కళ్లు మూసుకుని చూడటానికి హాయిగా ఉంటుంది. అంతకుముందు రాత్రి 11.35కు ‘టునైట్ షో’లో అతను ఏళ్ల తరబడి గెలిచింది అందుకే. పదింటికి జనం ఇంకా మేలుకునే ఉంటారు, కథ అడుగుతారు. మొదటి రాత్రి 1.7 కోట్ల మందికి పైగా చూశారు. కొన్ని వారాలకు అందులో మూడో వంతు మిగిలారు. మొదటి రాత్రి వచ్చింది వింతకు వచ్చిన జనం.

ఇదంతా పుస్తకాల్లోనూ ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది వేరే.

మాకూ ఒక లెనో ఉండేవాడు.

ఎనిమిదిన్నర గంటలకు మా ఛానల్లో ఒక సీరియల్ వచ్చేది. గొప్పదేమీ కాదు. ఇద్దరు తోడికోడళ్లు, ఒక చీటీల వ్యాపారం, ఒక నోరున్న అత్తగారు. మూడేళ్లుగా రేటింగ్ పెరగలేదు, తగ్గలేదు. అలా నిలకడగా ఉండేదాని మీద యాజమాన్యానికి ఎప్పుడూ చిన్నచూపే. ఒకరోజు పైనుంచి కబురు వచ్చింది. సినిమాల్లో పేరున్న ఒకాయన దంపతుల ఆటల పోటీ నడుపుతారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. ఒక్కరోజులో అయిదారు ఎపిసోడ్లు తీసేయవచ్చు. తోడికోడళ్లను సాయంత్రం ఆరున్నరకు పంపేయండి.

ఆరున్నరకు మన ఊళ్లో ఆడవాళ్లు ఎక్కడ ఉంటారో ఆ సమావేశంలో ఉన్న తొమ్మిదిమంది మగవాళ్లకూ తెలియదు. నాకు తెలుసు, ఆ వేళకు నేను 127కె బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఉంటాను. చెప్పాను. ‘అందుకే ప్రోమోలు వేస్తాం కదమ్మా’ అన్నారు. ఇంటికి చేరని మనిషికి ఇంట్లో ప్రోమో!

మార్చిన వారం మా ల్యాండ్‌లైన్ మోగుతూనే ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే ఒకావిడ అన్న మాట నేను చార్టు అంచున రాసుకున్నాను. ‘ఆరున్నరకు నా పెనం మీద దోసె ఉంటుంది. ఎనిమిదిన్నరకు నేను షట్టరు సగం దించి స్టూలు మీద కూర్చుంటాను. ఆ అరగంట నాది. మీరు దాన్ని ఎవరికిచ్చారు?’

మొదటి గురువారం రేటింగ్‌లు వచ్చినప్పుడు ఆఫీసులో బందరు లడ్డూలు పంచారు. నాలుగో గురువారం ఆ కాగితం ప్రింటరులోనే ఉండిపోయింది, తీసేవారు లేరు. పోటీ కార్యక్రమం పడటం ఒక ఎత్తు. మేము ముట్టుకోని తొమ్మిదిన్నర సీరియల్ కూడా పడింది, మాకు అది అసలు దెబ్బ. దాని కథ మారలేదు, నటులు మారలేదు, రచయిత మారలేదు. ఎనిమిదిన్నరకు రిమోట్ చేతిలోకి తీసుకున్న మనిషి పక్క ఛానల్‌కు వెళ్లి, అక్కడే తొమ్మిదీ, తొమ్మిదిన్నరా చూసి పడుకుంటోంది. తొమ్మిదిన్నర నిర్మాత నా బల్ల దగ్గరికి వచ్చి ‘నేనేం తప్పు చేశానమ్మా’ అని అడిగాడు. ఏం చెప్పను?

నాలుగు నెలలకు ఆ పోటీ ఆపేశారు. తోడికోడళ్లను వెనక్కి ఎనిమిదిన్నరకు తెమ్మన్నారు. కానీ ఆరున్నరలో ఎలాగూ చచ్చిపోతోందని ఈలోగా రచయితను కథ ముగించమన్నారు. ఆయన వినయంగా అత్తగారిని చంపేశాడు. మళ్లీ తేవాలంటే ఆవిడకు కాశీ నుంచి కవల సోదరి రావలసి వచ్చింది. ఆ నటి రెండింతలు పారితోషికం అడిగింది. నా దృష్టిలో న్యాయమే.

ఎన్‌బీసీలోనూ ఇదే చూడండి. లెనో కోసం ‘లా అండ్ ఆర్డర్’ అనే పాతకాపును పదింటి నుంచి శుక్రవారం ఎనిమిదింటికి తోశారు. ఇరవై సీజన్లు నడిచిన ఆ డ్రామాను 2010 మేలో ఆపేశారు. ‘సౌత్‌ల్యాండ్’ అనే పోలీసు కథ పదింటికి తగ్గట్టు కరుకుగా తీసింది. దాన్ని తొమ్మిదింటికి జరిపి, ఆ వేళకు మరీ కరుకుగా ఉందని రెండో సీజన్ ప్రసారం కాకముందే రద్దు చేశారు. టీఎన్‌టీ అనే కేబుల్ ఛానల్ దాన్ని తీసుకుంది. లెనోను తీసేసే నాటికి అయిదు రాత్రులు, అయిదు గంటలు ఖాళీ. పెట్టడానికి ఇంట్లో సరుకు లేదు. మంగళవారం డ్రామా ఒకటి పోతే మంగళవారమే పోతుంది. ఇక్కడ వారమంతా ఒకే మనిషి భుజం మీద పెట్టారు.

మీ ఇరవై నిమిషాల్లో లెనో బాగా నవ్వించాడా లేదా అన్నదాని మీద కాలం ఖర్చు చేయకండి. పదింటి గంటను చూడటం మానేసి పదకొండు గంటలను చూడండి.

జవాబు – సైనిక్‌పురి నుంచి బోస్టన్

చార్టు గారూ, ఆ చివరి మాటకు నేను సాక్ష్యం చెబుతాను. 2009లో నేను బోస్టన్ శివార్లలో ఉన్నాను. అక్కడ పదకొండింటికి స్థానిక వార్తలు వస్తాయి. చలికాలంలో రేపు మంచు ఎంత పడుతుంది, పిల్లల బడి ఉందా లేదా అన్నది అందులో చూసి పడుకునేవాళ్లం. ఆ వార్తలు ఎన్‌బీసీవి కావు, ఆ ఊరి స్టేషన్‌వి. చాలా ఊళ్లలో స్టేషన్ల యజమానులు వేరే ఉంటారు. నెట్‌వర్క్ ఇచ్చే కార్యక్రమాలు వేసుకుంటారు, సొంత వార్తల మీద సొంతంగా సంపాదించుకుంటారు. పదింటికి డ్రామా చూసినవాళ్లు అలాగే కూర్చుంటేనే వాళ్ల వార్తలకు జనం.

మా ఏడో నంబరు ఛానల్ డబ్ల్యూహెచ్‌డీహెచ్ ఈ ప్రమాదం ముందే పసిగట్టింది. 2009 ఏప్రిల్‌లో ‘మేము లెనోను వేయం, పదింటికి మా వార్తలే వేసుకుంటాం’ అని ప్రకటించింది. అలా అయితే మీతో ఒప్పందమే ఉండదు అని ఎన్‌బీసీ బెదిరించింది. స్టేషన్ తగ్గింది. సెప్టెంబర్ తర్వాత దేశమంతా స్టేషన్లు అదే ఏడుపు ఏడ్చాయి, వార్తలకు జనం తగ్గారని. మేము కూడా రిమోట్ మార్చినవాళ్లమే, ఒప్పుకుంటున్నాను. ఆ స్టేషన్ల పోరు పడలేకే జనవరిలో ఎన్‌బీసీ దిగివచ్చింది.

దిగివచ్చిన తీరు ఇంకా అధ్వానం. లెనోను 11.35కు అరగంట పెడతాం, ‘టునైట్ షో’ను 12.05కు జరుపుతాం అన్నారు. ఆ షో 2009 జూన్ నుంచి, లెనో తర్వాత, కోనన్ ఓబ్రయన్ అనే హాస్య వ్యాఖ్యాత చేతిలో ఉంది. దాన్ని అతనికి ఇస్తామని 2004లోనే మాట ఇచ్చారు. 2010 జనవరి 12న అతను బహిరంగ లేఖ రాశాడు. అర్ధరాత్రి దాటాక వేస్తే అది ‘టునైట్ షో’యే కాదు, ఆ షోను పాడుచేయడంలో నేను పాలుపంచుకోను అని. చివరికి అతనికీ అతని సిబ్బందికీ కలిపి సుమారు 4.5 కోట్ల డాలర్లు ఇచ్చి పంపారు. మార్చి 1న లెనో మళ్లీ పాత కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్ వచ్చి ఎన్‌బీసీ పరువు రెండు వారాలు కప్పింది.

ఏడో నంబరు కథకు ఇంకొంచెం ఉంది. 2017 మొదటి తేదీ నుంచి ఎన్‌బీసీ ఆ స్టేషన్‌తో తెగతెంపులు చేసుకుని బోస్టన్‌లో సొంత స్టేషన్ పెట్టుకుంది. పాత కోపమేనని మా వీధిలో అనుకునేవారు.

జవాబు – అమీర్‌పేట అకౌంట్స్

అందరూ కలిసి లెక్కలవాళ్లను ఉతికేస్తున్నారు కాబట్టి ఒక మాట. నేను ప్రకటనల బిల్లింగ్ చూసినవాణ్ని.

లెనో రాకముందు ఆ పదింటి డ్రామాలు ఏమైనా పొడిచేస్తున్నాయా? లేదు. 2006 అక్టోబర్‌లోనే ఎన్‌బీసీ మాతృసంస్థ ఎన్‌బీసీ యూనివర్సల్ 75 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిస్తామని, రాత్రి ఎనిమిది గంటలకు ఖరీదైన కథలు తగ్గించి ఆటల పోటీల్లాంటివి పెడతామని చెప్పింది. 2007 నవంబర్ నుంచి 2008 ఫిబ్రవరి దాకా రచయితల సమ్మె. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం. ప్రకటనలు పడిపోయినప్పుడు ఆ సంస్థ అధిపతి జెఫ్ జకర్ స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? ఇక్కడ మనం పది సెకన్ల చొప్పున అమ్ముతాం, గంటకు పన్నెండు నిమిషాలు మించకూడదని నిబంధన. గడిలో ఏం పెట్టినా అమ్ముకోగలిగింది ఆ పన్నెండు నిమిషాలే. అప్పుడు మిగిలిన నలభై ఎనిమిది నిమిషాల ఖర్చు తగ్గించడం తప్ప దారి ఏముంది?

ఇంకొకటి. 2013 ఫిబ్రవరిలో ఎన్‌బీసీ స్పానిష్ భాషా ఛానల్ యూనివిజన్ కంటే వెనకబడి అయిదో స్థానానికి దిగింది. అక్కడి నుంచి పైకి లాగినవి ఏమిటి? ఆదివారం రాత్రి ఫుట్‌బాల్, 2011లో మొదలైన పాటల పోటీ ‘ది వాయిస్’. మీరు పూజించే కథలు కావు.

జవాబు – పాత చార్టు

అకౌంట్స్ గారూ, మీరు చెప్పిన రెంటిలోనూ రేపు ఉంది. పాటల పోటీలో వచ్చే వారం ఎవరు ఇంటికి వెళతారో తెలియాలి. ఫుట్‌బాల్ అయితే రికార్డు చేసుకుని మర్నాడు చూద్దామంటే పక్కింటాయన ఉదయమే స్కోరు చెప్పేస్తాడు. అవి కథలా పోటీలా అన్న పట్టింపు నాకు లేదు. మా దంపతుల ఆటలో ఎవరు గెలిచినా ఎవరికీ ఏమీ కాదు, అదీ దాని రోగం.

కానీ పన్నెండు నిమిషాల మాట నాకు తగిలింది. నిజమే, మా గదిలో ఎవరూ ఎపిసోడ్ ఖర్చు ఎంతో అడిగేవాళ్లం కాదు. మీ గదిలో తొమ్మిదిన్నర సీరియల్ ఏమవుతుందో అడగలేదు. రెండు గదుల మధ్య ఒక ప్లైవుడ్ గోడ ఉండేది, మీ కాలిక్యులేటర్ల చప్పుడు కూడా వినబడేది.

బోస్టన్ గారు చెప్పిందాంట్లో మనకు లేనిది ఒకటుంది. అక్కడ ‘నా పదకొండు గంటలు పోయాయి’ అని అరిచే యజమానులు ఊరికొకరు ఉన్నారు. అందుకే అయిదు నెలల్లో తేలింది. మన శాటిలైట్ ఛానల్ ఒక్కచోట నుంచి పైకి వెళ్లి, అన్ని ఊళ్లలో ఒకేలా దిగుతుంది. అరవడానికి మధ్యలో మనిషి లేడు. తొమ్మిదిన్నర నిర్మాత అరవలేడు, మర్నాడు అతని సీరియల్ కూడా మా చేతిలోనే ఉంటుంది. మిగిలింది ల్యాండ్‌లైన్. ఆ ఫోను ఎత్తే అమ్మాయి మాట పై అంతస్తుకు వెళ్లదు.

జవాబు – విద్యానగర్ మేడమీది గది

అందరికీ కృతజ్ఞతలు. శీర్షిక మార్చేశాను, ‘పదకొండు గంటలు’ అని పెట్టాను. నానమ్మకు మీ కవల సోదరి సంగతి చదివి వినిపిస్తే ‘ఆ సీరియల్ నేను చూశాను, కాశీ నుంచి వచ్చినావిడ అసలావిడ కంటే మంచిది’ అంది. చార్టు గారూ, ఆ టిఫిన్ సెంటర్ ఆవిడ మళ్లీ ఫోను చేశారా?

జవాబు – పాత చార్టు

చేయలేదు. నేనే వెళ్లాను. తోడికోడళ్లు ఎనిమిదిన్నరకు తిరిగి వచ్చిన వారం, ఒక సాయంత్రం బస్సు దిగి ఆ వీధంతా వెతికాను. షట్టరు సగం దించి ఉంది. లోపల స్టూలు మీద ఆవిడ, గోడకు చిన్న టీవీ, దాంట్లో పక్క ఛానల్ సీరియల్. మా సీరియల్ మళ్లీ వస్తోందని, ఇప్పుడు నడుస్తోందని చెప్పాను. ‘అలాగా’ అంది. టీవీ వైపు చూపించి ‘దీంట్లో రేపు ఆస్తి కాగితాలు బయటపడతాయమ్మా’ అంది. ఒక ప్లేటు ఇడ్లీ పెట్టింది. డబ్బులు తీసుకుంది.